గేమ్‌లో పరిచయమైనోడు మా పాపని ఫోటోలు అడుగుతా ఉండాడు, మీ ఇండ్లల్లో మీ స్కూళ్లల్లో ఏం చేసినారో చెప్పండి

భవానీనగర్_అమ్మ (తిరుపతి)
అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. పోయిన ఆదివారం మధ్యాన్నం అన్నం తినేటప్పుడు ఫోన్ తొడకింద పెట్టుకోని కూర్చోనుంది, అది అదురుతానే ఉంది, తీసి చూడదు, నోట్లో ముద్ద మింగదు. నేనే తీసి చూసినా. గేమ్‌లో పరిచయం అంట, రెండు నెల్లుగా మాట్లాడతా ఉండాడంట, నెల్లూరు, తొమ్మిదో తరగతి అని చెప్పినాడంట. మొదట గేమ్‌లో డైమండ్లు కొనిచ్చినాడు, మల్ల ఇన్‌స్టాగ్రామ్‌లోకి రమ్మన్నాడు, మల్ల స్కూల్ యూనిఫాంలో ఫోటో పంపించుకున్నాడు, ఇప్పుడు అడగరాని ఫోటోలు అడుగుతా, పంపకపోతే మీ క్లాసోళ్లందరికీ నీ గురించి చెప్తా అని బెదిరిస్తా ఉండాడు. అవి మాత్రం పాప పంపలేదు. కానీ పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "చెప్తే నువ్వు ఫోన్ లాక్కుంటావు" అనింది. నిజమే, లాక్కునేదాన్నే. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయన చాట్ అంతా తీసేసి నంబర్ మార్చేద్దాం అంటా ఉండాడు. స్కూల్లో చెప్తే పాపనే వేరేగా చూస్తారేమో అని భయం. ఏం చేసేది?

సెల్‌కొట్టు_చిత్తూరు
అక్కా డిలీట్ మాత్రం చేయొద్దు, దండం పెడతా. నాది గిరింపేటలో సెల్ రిపేరు కొట్టు, ఇట్లాంటి ఫోన్లు తీసుకోని అమ్మానాన్నలు నెలకి ఇద్దరన్నా వస్తారు, అన్నీ తీసేసి వచ్చి మల్ల తెప్పించమంటారు, అన్నిసార్లూ రావు. వాడి ప్రొఫైల్ పేజీ, యూజర్ నేమ్ కనపడేట్టు స్క్రీన్‌షాట్లు తీయండి, బెదిరించిన మెసేజులు తేదీ టైముతో సహా తీయండి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. డబ్బులడిగితే రూపాయి ఇయ్యొద్దు, ఒకసారి ఇస్తే ఆగడు. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాల. ఇది పిల్లల విషయం కాబట్టి, సర్కారోళ్ల ఫిర్యాదుల పోర్టల్ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడోళ్లకి పిల్లలకి వేరేగా ఒక భాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు, కానీ కేసు ముందుకి పోవాలంటే పేరూ నంబరూ ఇచ్చి పెట్టేదే మేలు.
ఇంకోటి, పాప ఇన్‌స్టాలో పుట్టిన సంవత్సరం ఏమిచ్చిందో చూడండి. నా తావకొచ్చే పిలకాయల ఫోన్లల్లో 1998, 2000 అనే ఉంటుంది. సరైన వయసు ఉంటే అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలీనోళ్ల మెసేజులు రావు, 16 లోపల పిల్లలు ఆ సెట్టింగులు సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాల. వయసు తప్పు పెడితే ఇవేవీ పనిచేయవు. అసలు 13 లోపలోళ్లకి అకౌంటే ఉండకూడదు.

రేణిగుంట_నాన్న
నేనైతే ఫోన్ తీసేస్తా, వేరే మాటే లేదు. ఆస్ట్రేలియాలో 16 లోపల పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లే లేకుండా 2025 డిసెంబర్ 10 నుంచి ఆపేసినారు. అంత పెద్ద దేశమే చేస్తే మనకేం.

బీటెక్_మూడోఏడు
అన్నా మీ కోపం అర్థమవుతుంది కానీ మా నాన్న కూడా అదే చేసినాడు. పదో తరగతిలో నాకు ఇలాగే జరిగింది, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసినాడు, నేను ఫ్రెండ్ ఫోన్‌లో లాగిన్ అయి వాడికి సారీ చెప్తూ కూర్చున్నా, ఎందుకంటే జవాబియ్యకపోతే ఫోటో పెట్టేస్తాడని భయం. స్కూల్లో ఒక మేడంకి చెప్తే ఆమె మరుసటిరోజు ప్రేయర్‌లో పేరు చెప్పకుండానే "కొంతమంది ఆడపిల్లలు" అని మాట్లాడింది, అందరికీ నేనేనని తెలిసిపోయింది. ఆ సంవత్సరం ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆంటీ, స్కూల్లో చెప్పండి కానీ ఇద్దరికి మించి తెలియకూడదు అని ముందే గట్టిగా చెప్పండి.
ఎవరి పిల్లలన్నా ఫోటో పంపేసుంటే టేక్ ఇట్ డౌన్ అని ఒకటుంది, 18 లోపల తీసిన ఫోటోలకి. ఫోటో ఎవరికీ పంపాల్సిన పని లేదు, మన ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే పోతుంది, అందులో చేరిన కంపెనీలు దాంతో వెతికి తీసేస్తాయి. నాకప్పుడు ఇది తెలిసుంటే ఎంత బాగుండేదో.

పాకాల_అయివారు
అమ్మా, నేను జిల్లాపరిషత్ హైస్కూల్లో పనిచేస్తా. మీ పాప ఏ తప్పూ చేయలేదు, ముందు ఆ మాట దాని ముఖం చూసి చెప్పండి. స్టేషన్ అంటే భయపడతా ఉంటే ఇది తెలుసుకోండి: పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం పాప మాట రాసుకునేది ఇంట్లోనే, లేకపోతే పాప అడిగిన చోట, వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం వేసుకోకుండా రావాల. పాప పేరు బయటికి రాకూడదు. స్కూలోళ్లకి తెలిసినాక గమ్మునుండే హక్కు లేదు, పోలీసులకి చెప్పకపోవడమే నేరం. దారి తెలీకపోతే, మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీస్ ఉంటే ఆమెతో మొదలుపెట్టండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ టైంలో చేసినా పలుకుతారు.
మా బళ్లో పిలకాయల్లో చానామంది జేజి తావ ఉంటారు, అమ్మానాన్నలు బెంగళూరులో పనికి పోయుంటారు. ఆ జేజికి ఫోన్ తెరిచేదే రాదు, ఏ సెట్టింగు చెప్తాం? అందుకే మెగా పీటీఎం (అమ్మానాన్నల మీటింగు) రోజు ఫోన్ల గురించి ఉపన్యాసం మానేసి, పదిమంది పదిమందిని కూర్చోబెట్టి వాళ్ల ఫోన్లల్లోనే వయసు సరిచేసినాం, పిల్లల ఫోన్‌ని పెద్దోళ్లు చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టినాం. సగంమంది పిల్లల ఫోన్ నాయన జీమెయిల్ మీదే నడస్తా ఉంది, అంటే ఆ ఫోన్‌కి ఆ బిడ్డ నలభై ఏళ్ల మనిషి. హోంవర్క్ వాట్సాప్‌లో పెట్టేది మేమే అలవాటు చేసినాం కరోనాలో, అది ఆపి మల్ల డైరీలో రాయిస్తా ఉండాం. మగపిల్లలకి కూడా ఇదే జరుగుతాది, వాళ్లు ఇంకా చెప్పరు.

రేణిగుంట_నాన్న
బీటెక్ పాప రాసింది రెండుసార్లు చదివినా. మా వాడికి పదకొండేళ్లు. ఈరాత్రి వాడితో కూర్చుంటా, ఫోన్ తీసుకునే మాట ఎత్తను.

భవానీనగర్_అమ్మ (తిరుపతి)
అందరికీ చెప్పాల కాబట్టి రాస్తా ఉండా. పోర్టల్‌లో పెట్టినాం, పద్నాలుగు స్క్రీన్‌షాట్లు. మూడో రోజు ఒక మేడం చీరలో వచ్చింది, వంటింట్లో పాప పక్కన పీట వేసుకోని కూర్చోని గంటసేపు మాట్లాడింది, పాప మొదట నా కొంగు పట్టుకోనుంది, మల్ల వదిలేసింది. స్కూల్లో హెచ్చెమ్ గారికీ క్లాస్ టీచర్‌కీ మాత్రమే తెలుసు. పాప ఫోన్ పాప తావే ఉంది, రాత్రి తొమ్మిదికి హాల్లో టీవీ పక్కన పెడతాది, నాదీ మా ఆయనదీ కూడా అక్కడే పెడతాం.
నిన్న రాత్రి పండుకున్నాక తనే చెప్పింది, అమ్మా వాడే మా క్లాసులో ఇంకో అమ్మాయికి కూడా మెసేజ్ చేస్తా ఉండాడు, ఆమె పంపేసింది, ఏడస్తా ఉంది అని. రేపు వాళ్లమ్మ దగ్గరికి పోవాల. మొదటి మాట ఏమని ఎత్తేది?

పాకాల_అయివారు
పోయేముందు, వాళ్లమ్మతో మీరు మాట్లాడతారని ఆ పాపకి మీ పాపతో చెప్పించండి, మీ పాప మాట తప్పినట్టు కాకూడదు. వాళ్లింటికి పోయినాక మీ ఇంట్లో జరిగింది మొదట చెప్పండి. వాళ్లమ్మ ఆ పాపని కొడతానని లేస్తే పక్కనే ఉండి పట్టుకోండి. టేక్ ఇట్ డౌన్ ఆ రోజే చేయించండి, ఫోన్ ఆ పాప చేతిలోనే పెట్టి.