కోడిపిల్లలు దిగిన రోజు నుంచే నీళ్లలో యాంటీబయాటిక్: కలపాలా, వద్దా?

తొలికూత:
వచ్చే వారం షెడ్డులో కొత్త కోడిపిల్లలు దిగుతున్నాయి. హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోటు) వాళ్లిచ్చిన కాగితంలో మొదటి ఐదు రోజులు నీళ్లలో యాంటీబయాటిక్ కలపమని ఉంది. ఏ జబ్బుకో మాత్రం రాయలేదు. చాలా ఏళ్లుగా కోళ్లు పెంచుతున్న మా బాబాయి, జబ్బు కనిపించకుండా మందు జోలికి పోవద్దంటున్నాడు. ఇద్దరి మాటా తీసేయలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు? కారణం కూడా చెప్పండి.

పాతషెడ్డు:
కలుపు తమ్ముడూ. నేను ప్రతి బ్యాచ్‌కీ కలుపుతాను. ఒక రోజు పిల్లకి బొడ్డు ఇంకా పచ్చిగానే ఉంటుంది. హేచరీ ట్రేలో ఒక్క గుడ్డు కుళ్లి పగిలినా చుట్టూ ఉన్న వాటికి ఆ క్రిములు అంటుతాయి. ఆపైన వ్యాన్‌లో గంటల తరబడి ప్రయాణం. మన దగ్గరికి వచ్చేసరికి ఏ పిల్ల లోపల ఏముందో పైకి తెలియదు. మూడో రోజు తలలు వాల్చేశాక మందు కలిపితే తాగేదెవరు? జబ్బు పిల్ల నీళ్ల దగ్గరికే రాదు. అందుకే తాగే ఓపిక ఉన్నప్పుడే మందు లోపలికి పోవాలి. తర్వాత పరుగెత్తితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పెరటికోళ్లు:
తల్లి కోడి కింద పెరిగే పిల్లలకి ఎవరు మందు పోస్తున్నారండీ? అవి చక్కగా పెరగడం లేదా? సహజంగా పెరిగితే జబ్బులే రావు.

పాతషెడ్డు:
పది పిల్లల లెక్క వేరు, వేల పిల్లల లెక్క వేరు. నా షెడ్డులో తల్లి కోడి లేదు, వేడినిచ్చే బల్బులే ఉన్నాయి.

పశువైద్యురాలు:
పాతషెడ్డు గారూ, జబ్బు పిల్ల నీళ్లు తాగదన్న మాట అక్షరాలా నిజం. అయితే మొదటి వారం చావుల్లో ఆ మందుకి లొంగే జబ్బు ఎంతవరకు ఉందన్నదే నా ప్రశ్న.

బొడ్డు చీము, పచ్చసొన కుళ్లడం సంగతే తీసుకుందాం. ఎక్కువగా ఈ.కోలై అనే బాక్టీరియా వల్ల వస్తుంది. పిల్ల పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా ఉంటుంది. చనిపోయాక కోసి చూస్తే పచ్చసొన కరగకుండా ఉండి, చెడు వాసన వస్తుంది. ఆ సొన సంచిలో క్రిములు చేరాక నీళ్లలోని మందు అక్కడ చేయగలిగింది చాలా తక్కువ. అలాంటి పిల్లలు మందు ఇచ్చినా ఎక్కువగా దక్కవు. దీనికి అసలు వైద్యం గుడ్ల శుభ్రతలో, ఇంక్యుబేటర్ తేమలో, ట్రేలు కడగడంలో ఉంది. అంటే హేచరీలో.

మిగతావి చూడండి. షెడ్డు నేల మీద పరిచే ఊక బూజు పట్టడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులో పిల్ల నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, గురక చప్పుడు పెద్దగా ఉండదు. అది ఫంగస్, యాంటీబయాటిక్‌కి లొంగదు. రక్త పారుడు సాధారణంగా మూడో వారం నుంచి కనిపిస్తుంది. దానికి కారణం కాక్సీడియా అనే పరాన్నజీవి, దాని మందులు వేరు. రెట్ట ఆరిపోయి మలద్వారం మూసుకుపోవడం చాలాసార్లు చలి, వేడి, ప్రయాణపు అలసట వల్లే. గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరబెట్టి, వేడి సరిచేయాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా చూసేది చలి. మొదటి రెండు వారాలు పిల్లకి తన ఒంటి వేడిని సొంతంగా నిలుపుకునే శక్తి సరిగా ఉండదు. చలి పట్టిన పిల్ల మేత దగ్గరికి పోదు, సొన కరగదు, ఆ సొనలోనే క్రిములు పెరుగుతాయి. మనకి కనిపించేది క్రిమి, దానికి దారి ఇచ్చింది చలి. అందుకే పిల్లల ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లలు రావడానికి ఒక రోజు ముందే బల్బులు వేయండి. గాలి వేడెక్కినా ఊక చల్లగా ఉంటే పిల్లకి కాళ్ల నుంచే చలి ఎక్కుతుంది.

పెరటికోళ్లు గారూ, పిల్లలకి వేడినివ్వడంలో తల్లి కోడి గొప్ప బ్రూడరే, ఒప్పుకుంటాను. కానీ జబ్బులే రావన్నది నిజం కాదు. పేలు, కాక్సీడియా తల్లి నుంచే పిల్లలకి రావచ్చు. కొక్కెర తెగులుకి (రాణిఖేత్) పెరటి కోడి, ఫారం కోడి అన్న తేడా లేదు. టీకా వేయించండి.

లెక్కలపుస్తకం:
డాక్టర్ గారి మాటకి ఒకటి చేర్చాలి. ఎన్ని చచ్చాయో రాసుకుంటాం గానీ ఏ రోజు చచ్చాయో విడిగా రాయం. అక్కడే అసలు విషయం ఉంటుంది. మొదటి రోజే పోతే ప్రయాణం మీద, హేచరీ మీద అనుమానం. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఒక్కసారిగా పెరిగితే, అందులో మేత తినడమే నేర్చుకోని పిల్లలు చాలా ఉంటాయి. గుడ్డు నుంచి తెచ్చుకున్న పచ్చసొన రెండు మూడు రోజులు కాపాడుతుంది. అది అయిపోగానే పడిపోతాయి. సరిగ్గా పాతషెడ్డు గారు చెప్పిన మూడో రోజే! చూసేవాళ్లకి జబ్బు వచ్చినట్టే ఉంటుంది. కోసి చూస్తే మెడ కింది మేతసంచి, కడుపు ఖాళీ.

పిల్లలు దిగిన 24 గంటలకి షెడ్డు నాలుగు మూలల నుంచి కొన్నిటిని పట్టుకుని మేతసంచి తడిమి చూడండి. నూటికి 95 పిల్లల్లో నిండుగా, మెత్తగా తగలాలి. గట్టిగా తగిలితే మేత తిన్నాయి, నీళ్లు తాగలేదు. ఖాళీ అయితే వేడి, వెలుతురు, నీళ్ల డ్రింకర్ల ఎత్తు చూసుకోవాలి. పిల్ల కాళ్లు మీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే థర్మామీటర్ ఎంత చూపించినా నమ్మకండి.

పాతషెడ్డు:
ఇవన్నీ చేసే వాడినే అమ్మా. ఊక ఆరబెడతాను, ముందు రోజే బల్బులు వేస్తాను. అయినా తెల్ల పారుడు వచ్చిన బ్యాచ్ ఒకటి నా కళ్ల ముందు పోయింది. అది నా బల్బుల తప్పు కాదు, గుడ్డులోనే వచ్చింది. అప్పుడు మందు వేసిన షెడ్డులు నిలబడ్డాయి. దానికేమంటారు?

పశువైద్యురాలు:
మీ బాధ అర్థమవుతుంది. ఆ తెల్ల పారుడు పుల్లోరం అనే బాక్టీరియా జబ్బు అయితే మీరన్నట్టు తల్లి నుంచి గుడ్డు ద్వారానే వస్తుంది, మందుతో చావులు తగ్గుతాయి కూడా. కానీ బతికిన వాటిలో చాలా వాటి ఒంట్లో ఆ క్రిమి ఉండిపోతుంది. వాటినే గుడ్లకి ఉంచితే తర్వాతి తరానికి జబ్బు పంపినట్టే. ఈ జబ్బుని అదుపు చేసిన దేశాలన్నీ తల్లి కోళ్లకి రక్తపరీక్ష చేసి, పాజిటివ్ వాటిని తీసేసే దారినే పట్టాయి. కాబట్టి హేచరీని అడగాల్సింది మందుల కాగితం కాదు, తల్లి కోళ్ల పరీక్ష రిపోర్టు.

ఇంకోటి. ఇంక్యుబేటర్ పిల్ల పేగుల్లో మంచి క్రిములు ఇంకా స్థిరపడి ఉండవు. 1973లో ఫిన్లాండ్ పరిశోధకులు నుర్మి, రంతాల ఈ విషయం మీదే పనిచేశారు. పెద్ద కోడి పేగుల్లోని పదార్థాన్ని పిల్లలకి ఇస్తే సాల్మొనెల్లా అనే చెడ్డ క్రిమి అంత తేలిగ్గా పట్టుకోలేదని చూపించారు. ఆ మంచి క్రిములు చోటు చేసుకునే రోజుల్లోనే మనం యాంటీబయాటిక్ పోస్తే చెడ్డ వాటితో పాటు మంచివీ పోతాయి.

నీటితొట్టి:
మందు డబ్బా మీద ఏముందో కూడా చూడండి. కొలిస్టిన్ అయితే అసలు ముట్టుకోవద్దు. మనుషులకి మిగతా మందులేవీ పనిచేయనప్పుడు వాడే మందు అది. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి దాటుతోందని 2015లో చైనా నుంచి నివేదిక వచ్చింది. పశువుల్లో, మాంసంలో, మనుషుల్లో కూడా దొరికింది. 2019లో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువులకి కొలిస్టిన్‌ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 28 నుంచి, జబ్బు లేకుండా అలవాటుగా మందు పోయడమే కుదరదు. ఇది ఒక్క షెడ్డుతో ఆగే విషయం కాదు. మన ఇంట్లో పిల్లలకి జ్వరం వస్తే పనిచేయాల్సిన మందులు ఇవి.

పాతషెడ్డు:
కొలిస్టిన్ నేను వాడను. తల్లి కోళ్ల రిపోర్టు అడగాలన్న మాట బాగుంది, ఈసారి అడుగుతాను. రిపోర్టు లేని చోట నుంచి పిల్లలు తేవాల్సి వస్తే మాత్రం మందు మానను. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు షెడ్డు ఖాళీ అవుతుంది. అప్పు తెచ్చి పిల్లల్ని దింపిన వాడికి ఆ టెన్షన్ ఏంటో తెలుసు.

పశువైద్యురాలు:
ఆ భయం కొట్టిపారేసేది కాదు. అయినా ఏ జబ్బో తెలియకుండా మొదటి రోజే వేయడాన్ని నేను ఒప్పుకోలేను. రిపోర్టు రాకముందే శవపరీక్ష చాలా చెబుతుంది. పిల్లని కోసి చూడటానికి ఎంతోసేపు పట్టదు. సొన, ఊపిరితిత్తులు, కాలేయం, మేతసంచి చూస్తే ఎటు వెళ్లాలో దారి దొరుకుతుంది. బాక్టీరియా అనిపిస్తే ఆ రోజే మందు మొదలుపెట్టవచ్చు. ల్యాబ్ ఫలితం వచ్చాక దాన్ని బట్టి మార్చుకోవచ్చు. తాగలేని పిల్లలని వేరు చేసి చుక్కలుగా పట్టవచ్చు.

తొలికూత:
హేచరీకి ఫోన్ చేశాను. మందు ఏ జబ్బుకని అడిగితే "అందరూ వేస్తారు" అన్నారు, అంతే. తల్లి కోళ్ల రిపోర్టు పంపుతామన్నారు. నేను మందు లేకుండానే మొదలుపెడతాను. బల్బులు ముందు రోజే వేసి, ఏ రోజు చావులు ఆ రోజు రాస్తాను. డాక్టర్ గారూ, పిల్లలు పోతే పరీక్షకి ఎలా పంపాలి?

పశువైద్యురాలు:
అప్పుడే చనిపోయిన వాటిని కొన్ని, జబ్బుతో బతికి ఉన్న వాటిని కొన్ని పంపండి. చనిపోయిన వాటిని సంచిలో కట్టి ఐస్ మధ్య పెట్టండి, గడ్డ కట్టించవద్దు. ఎండలో గంటలు గంటలు పడి ఉన్నవి పనికిరావు. ఎప్పుడు దిగాయి, ఏ రోజు ఎన్ని పోయాయి, ఏ మందు వేశారు, ఏమీ వేయకపోతే ఆ సంగతీ చీటీ మీద రాసి జతచేయండి.