చట్టం పుస్తకంలోనే ఉంది, ఎవర్నీ ఉరి తియ్యట్లేదు కదా, మరి గే వాళ్ళకి ఎందుకంత భయం?

నిద్రలేమి:
ఇవాళ లంచ్‌లో మా టీమ్‌లో పెద్ద గొడవ. ఒకాయన అంటాడు, ఉగాండాలో గే వాళ్ళకి ఉరిశిక్ష అని 2023లో ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, వరల్డ్ బ్యాంక్ కొత్త అప్పులు కూడా ఆపేసింది, తీరా చూస్తే ఆ చట్టం కింద ఒక్కడినైనా ఉరి తీశారా అని. గుట్టుగా ఉంటే ఎవడూ పట్టించుకోడు, అయినా ఇదంతా వెస్ట్ నుంచి దిగిన గోల, అక్కడి సంస్కృతి కాదు అని తేల్చేశాడు. నాకు తప్పనిపిస్తోంది గానీ ఎక్కడ తప్పో చెప్పలేక నోరు మూసుకుని కూర్చున్నా. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి, తిట్టుకోకుండా.

పాతగొడుగు:
మీ కొలీగ్ ఉరికొయ్యలు లెక్కపెడుతున్నాడు, అక్కడే తప్పు. ఆ చట్టం ఎవరెవరి చేతికి కర్ర ఇచ్చిందో చూడమనండి. ఉగాండాలో ఉరి కొన్ని తీవ్రమైన కేసులకే, మామూలు సంబంధానికి యావజ్జీవం, "ప్రోత్సహిస్తే" 20 ఏళ్ళ దాకా. అవన్నీ పేపర్లో వచ్చాయి. కానీ అందులో ఇంకో రెండు ముక్కలుండేవి, తెలిసి ఇల్లు అద్దెకిస్తే నేరం, తెలిసీ పోలీసులకి చెప్పకపోయినా నేరం. ఇప్పుడు ఇంటి ఓనర్‌ని ఊహించుకోండి, ఆయనకి ఆ కుర్రాడి మీద కోపమేం ఉండకపోవచ్చు, ఒకటో తారీఖుకల్లా అద్దె కడతాడు, గొడవల్లేవు, కానీ ఎదురింటావిడ ఏదో గొణిగింది, ఇక నాకెందుకొచ్చిన తంటా నెలాఖరుకి ఖాళీ చేసెయ్ అంటాడు. అరెస్టు లేదు, కేసు లేదు, ఏ లెక్కలోకీ రాదు, సామాను మాత్రం రోడ్డు మీదుంటుంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ కోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది, చట్టాన్ని మాత్రం ఉంచింది.

ఈ చట్టం రాకముందు సంగతి కూడా చూడండి. 2010లో కంపాలాలో ఒక పత్రిక, గే వాళ్ళంటూ పేర్లూ ఫోటోలూ అచ్చేసి వీళ్ళని ఉరి తియ్యండి అని పెట్టింది. డేవిడ్ కాటో అనే గే హక్కుల ఉద్యమకారుడు ఇంకొందరితో కలిసి కోర్టుకెళ్ళి 2011 జనవరిలో గెలిచాడు. అదే నెలలో ఇంట్లోనే సుత్తితో కొట్టి చంపేశారు. ఆయన ఉద్యమానికీ దీనికీ సంబంధం లేదన్నారు పోలీసులు, ఒకడికి 30 ఏళ్ళు శిక్ష పడింది.

అడ్డదారి:
బాధాకరమే, కాదనను. కానీ అక్కడి పార్లమెంటులో దాదాపు అందరూ ఓటేశారు కదా, జనానికే అది కావాలి. బయటోళ్ళు నెత్తినెక్కి చెప్తే ఇంకా మొండికేస్తారు. అయినా మీ కొలీగ్ అన్న ఒక్క పాయింట్‌కి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు, గుట్టుగా ఉంటే బతకొచ్చుగా?

కాగితప్పడవ:
@అడ్డదారి ఎంత గుట్టుగా అండీ? ఈజిప్టు తీసుకోండి, స్వలింగ సంబంధం నేరం అని అక్కడి చట్టంలో పేరు పెట్టి ఎక్కడా రాసి లేదు. 1961 నాటి వ్యభిచార చట్టం ఒకటుంది, అందులో "ఫుజూర్" అనే మాట, బరితెగింపు అనుకోండి, దాంతోనే పని కానిచ్చేస్తారు. 2001లో నైలు నదిలో పడవ మీద ఉన్న నైట్‌క్లబ్ మీద పడి పట్టుకుని మొత్తం 52 మందిని బోనెక్కించారు. ఇప్పుడు పడవ దాకా పోనక్కర్లేదు, ఫోన్ చాలు. పోలీసే డేటింగ్ యాప్‌లో దొంగ ప్రొఫైల్ పెట్టి తియ్యగా చాట్ చేసి కలుద్దాం రా అంటాడు, వెళ్తే పట్టుకుంటారు. లేదా రోడ్డు మీద ఆపి ఫోన్ తియ్, లాక్ తియ్ అంటారు, చాట్లూ ఫోటోలే సాక్ష్యం. 2023లో గ్రైండర్ అనే గే డేటింగ్ యాప్ వాళ్ళే ఈజిప్టు యూజర్లకి, జాగ్రత్త, పోలీసులు ఇక్కడ దొంగ అకౌంట్లతో తిరుగుతున్నారు అని మెసేజ్ పెట్టాల్సొచ్చింది. ఆ యాప్‌లో ఐకాన్‌ని వేరే యాప్‌లా మార్చుకునే ఆప్షన్ ఉంటుంది, ఎందుకో ఇప్పుడర్థమైందా.

పోలీసు ఒక్కడే అయితే పర్లేదు, అదే ట్రిక్కు బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ళూ పట్టేశారు. డబ్బులు పంపు, లేదంటే మీ నాన్నకి ఫోటో పంపిస్తా. ఫిర్యాదు చెయ్యాలంటే ఆ పోలీసు దగ్గరికే కదా వెళ్ళాలి.

పాతగొడుగు:
వెస్ట్ నుంచి దిగింది అనే మాటకి కూడా ఒకటి చెప్పాలి. నిజంగా దిగుమతైంది స్వలింగ సంబంధం నేరమనే ఆ సెక్షనే! బ్రిటిష్ వాళ్ళు 1860లో ఇండియన్ పీనల్ కోడ్‌లో 377 రాసి, "ప్రకృతి విరుద్ధం" అన్న ఆ భాషనే చాలా వలసలకి పంచిపెట్టారు. సింగపూర్ బ్రిటిష్ కాలం నాటి తన 377Aని 2022లో తీసేసింది, బోట్స్వానాలో 2019లో కోర్టు కొట్టేసింది. అలాగని అంతా తెల్లోళ్ళ మీద తోసెయ్యడం కూడా కుదరదు లెండి, ఇరాన్ మరణశిక్ష 1979 తర్వాత వాళ్ళు రాసుకున్నదే, ఇరాక్ 2024లో 10 నుంచి 15 ఏళ్ళ జైలు పెట్టింది, అదీ సొంతదే.

అడ్డదారి:
ఇరాక్ సంగతి ఇప్పుడే తెలిసింది. ఫోన్ పాయింట్ ఒప్పుకుంటా. జనం ఓటు పాయింట్ మాత్రం వదల్ను.

మబ్బుపట్టింది:
లేటుగా వచ్చా. నేను కొన్నాళ్ళు ఆశ్రయం కేసులు చూసే లాయర్ దగ్గర ఫైళ్ళు సర్దే పని చేశా. పారిపోయొచ్చిన వాళ్ళని అధికారులు అడిగేది ఏంటంటే, నువ్వు గే అని రుజువేది? ఒకతను చెప్పింది ఇంకా గుర్తుంది, పదేళ్ళుగా ప్రతి రాత్రీ పడుకునే ముందు ఆ రోజు మెసేజ్‌లన్నీ డిలీట్ చేసుకునేవాడట, అలవాటైపోయి ఇక్కడికొచ్చాక కూడా చేస్తున్నాడట. వాడి ఫైల్ చూస్తే నాలుగు కాగితాలు. యూరప్‌లో కొంతమంది తెగించి తమ పడగ్గది వీడియోలు కూడా ఇవ్వబోయారు, 2014లో యూరోపియన్ యూనియన్ కోర్టు అలాంటివి తీసుకోకూడదు, పరీక్షలూ పెట్టకూడదు అని చెప్పింది.

ఇక ఆ "గుట్టుగా ఉండొచ్చుగా" అనే వాదన బ్రిటన్ ప్రభుత్వం అక్షరాలా కోర్టులోనే చేసింది, ఆశ్రయం అడిగిన వాళ్ళని మీ దేశానికి వెనక్కెళ్ళి జాగ్రత్తగా బతకండి అని. 2010లో అక్కడి సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఆ తీర్పులో నాజీల నుంచి దాక్కున్న యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ప్రస్తావన కూడా ఉంది, అటక మీద దాక్కుని క్షేమంగా ఉండొచ్చు కాబట్టి ఆమెకి ప్రమాదం లేదంటామా అన్నట్టుగా.

నిద్రలేమి:
ఇది కావాలి నాకు! ఆ కేసు పేరేంటండీ, రేపు లంచ్‌లో ఆయన ముందు పెడతా.

మబ్బుపట్టింది:
హెచ్‌జే, హెచ్‌టీ అని వెతకండి. ఒకరు ఇరాన్, ఒకరు కామెరూన్. అసలు పేర్లు బయటికి రాకూడదని అక్షరాలే వాడారు.