టార్క్ రెంచ్ తేడా చూపిస్తే ఇంట్లోనే స్క్రూ తిప్పుకోవచ్చా?

బైక్‌షెడ్_ఖమ్మం: నాది 20 నుంచి 100 న్యూటన్ మీటర్ల (బిగింపు కొలత) క్లిక్ రెంచ్, అంటే పెట్టిన అంకెకు బిగియగానే క్లిక్‌మనే టార్క్ రెంచ్. రెండేళ్లు 100 మీదే ఉంచి డబ్బాలో పడేశాను, తప్పు నాదే. నిన్న ఇంట్లో పరీక్షించాను. చదరపు మొనను వైస్‌లో బిగించి, రెంచ్‌ను అడ్డంగా నిలిపి, పిడికి బకెట్ కట్టి కొద్దికొద్దిగా నీళ్లు పోశాను. 60 మీద పెడితే బకెట్ 13.2 కిలోలకే క్లిక్‌మంది. మొన మధ్య నుంచి తాడు దాకా 42 సెంటీమీటర్లు. 13.2 × 9.81 × 0.42, అంటే 54.4. తొమ్మిది శాతం పైనే తక్కువ! పిడి మూత కింద కొలతను సరిచేసే స్క్రూ ఉంది. తిప్పేయమంటారా? కొత్తది కొనాలంటే డబ్బు టెన్షన్.

పాతమెకానిక్_నెల్లూరు: తిప్పు తమ్ముడూ. మా షెడ్డులో ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాం. ఒక్కటి చూసుకో, బకెట్‌ను ఏ కాటా మీద తూచావు? కిరాణా కొట్టు నుంచి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల రాయి తెచ్చి ముందు ఆ కాటాను పరీక్షించు.

కాలిబ్రేషన్_బాలానగర్: ఖమ్మం తమ్ముడూ, దయచేసి ఇప్పుడే తిప్పకు. నేను రోజూ చేసేది ఈ పనే. నీ లెక్కలో రెంచ్ సొంత బరువు లేదు. దాన్ని వేలి మీద నిలబెట్టి ఎక్కడ తూగుతుందో చూసి, అక్కడి నుంచి మొన దాకా కొలువు. రెంచ్‌ను కూడా తూచు. తాడు పిడి మధ్య గీత మీదే ఉండాలి. క్లిక్ రెంచ్‌లో లోపలి కీలు మొనకు కాస్త దూరంగా ఉంటుంది కాబట్టి పట్టుకునే చోటు మారితే ఫలితమూ మారుతుంది. ఇంకో మాట. చాలా రోజులు వాడని రెంచ్ మొదటి క్లిక్‌లను నమ్మకూడదు. ముందు గరిష్ఠం మీద ఐదుసార్లు క్లిక్ కొట్టించి, ఆ తర్వాత కొలువు. 20, 60, 100 మూడింటి దగ్గరా చూడు.

బైక్‌షెడ్_ఖమ్మం: అన్నీ చేశాను సార్. రెంచ్ 1.3 కిలోలు, 22 సెంటీమీటర్ల దగ్గర తూగింది. అదొక్కటే 2.8 న్యూటన్ మీటర్లు! 60 దగ్గర అసలు విలువ 57.2 అన్నమాట. 20 దగ్గర 19.1, 100 దగ్గర 95.

పాతమెకానిక్_నెల్లూరు: మూడు చోట్లా అయిదు శాతమే తక్కువ. ఒకే తీరుగా ఉంది, ఇక భయమెందుకు?

కాలిబ్రేషన్_బాలానగర్: అన్నా, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇలాంటి ఒంటి స్క్రూ స్ప్రింగ్ మీద ముందస్తు ఒత్తిడిని మారుస్తుంది. అది శాతాన్ని సరిచేయదు, అన్ని చోట్లా ఒకే అంకెను కలుపుతుంది. 60 దగ్గర సరిపోవాలని 2.8 పెంచితే 20 దగ్గర 21.9 అవుతుంది, అంటే తొమ్మిది శాతం పైనే ఎక్కువ. అల్యూమినియం హెడ్‌లో స్పార్క్ ప్లగ్ మర పోయేది ఇలాంటప్పుడే. స్ప్రింగ్ బలం తగ్గిందని నా అనుమానం, 100 మీద వదిలేసినందుకే. వాడాక ఎప్పుడూ కనిష్ఠానికి తెచ్చి పెట్టాలి. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం ఈ సైజు రెంచ్‌కి ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం దాకా తేడా ఉండొచ్చు. నీది కాస్త బయటికి వెళ్లింది. పైగా టేపులో అర సెంటీమీటరు తప్పితేనే ఒక శాతం పోతుంది. అంటే ఇంటి కొలతతో అయిదు శాతాన్ని కచ్చితంగా చెప్పలేం.

పాతమెకానిక్_నెల్లూరు: అంకె కలుస్తుందన్న మాట నిజమే, అంతవరకు ఆలోచించలేదు. కానీ నేను నా రెంచ్‌తో కారు చక్రాల నట్లే బిగిస్తాను. 100 దగ్గర సరిచేసుకుంటే నాకు చాలు. ఏటా ల్యాబ్‌కు పంపమంటే చిన్న షెడ్డుకు భారమే కదా.

కాలిబ్రేషన్_బాలానగర్: ఒకే పనికి ఒకే రెంచ్ అయితే మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ రెంచ్‌ను ఇంకెవరైనా 20 మీద పెట్టి వాడితే?

బైక్‌షెడ్_ఖమ్మం: నాకు రెండూ కావాలి, ప్లగ్గూ చక్రాలూ. స్క్రూ ముట్టుకోలేదు. పిడి మీద స్టిక్కర్ అంటించాను: 20కి 21, 60కి 63, 95 దాటి కావాలంటే ఈ రెంచ్ వద్దు. సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాను, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చూపిస్తాను.

పాతమెకానిక్_నెల్లూరు: స్టిక్కర్ గ్రీజుకు ఊడిపోతుంది తమ్ముడూ. పిడి మీద గీసి పెట్టుకో.