ఎనిమిదేళ్లు దాటిన రీఫ్ ట్యాంకులో మాండరిన్ చిక్కిపోతోంది: సజీవాహారం పెంచడంపై సలహా కావాలి

పెరంబూరు_నీలితొట్టి:

అందరికీ నమస్కారం. చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో 400 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే తొట్టి) ఎనిమిదేళ్లకు పైగా నడుస్తోంది. ఉప్పదనం 35 పీపీటీ, ఆల్కలినిటీ 8 డీకేహెచ్, కాల్షియం 420, మెగ్నీషియం 1300 దగ్గర నిలకడగా ఉన్నాయి. లెదర్ కోరల్, జోయాంథిడ్లు, మష్రూమ్‌లు వంటి మెత్తని పగడాలు రోజూ చక్కగా విచ్చుకుంటున్నాయి. నన్ను కలవరపెడుతున్నది మాండరిన్ చేప. ఇన్నేళ్లూ రాళ్ల సందుల్లో పొడుచుకు తింటూ నిండుగా తిరిగిన ఈ చేపకు ఇప్పుడు పొట్ట లోపలికి పోయింది, తల వెనక వీపు సన్నబడి గీతలా కనిపిస్తోంది. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యల వంటి మేత) వేస్తే దగ్గరకు వచ్చి చూసి వెళ్లిపోతుంది, గుళికలను అసలు ముట్టదు. గత ఏడాది చేరిన సిక్స్‌లైన్ ర్యాస్ అనే చేప కూడా రోజంతా అవే రాళ్లను గాలిస్తూ ఉంటుంది.

దీనికోసం రోటిఫర్లను (నీటిలో తేలే అతి సూక్ష్మ జీవులను) పెంచడం మొదలుపెట్టాను. అవి కొన్నాళ్లు చిక్కగా పెరిగి, ఒక్క రాత్రిలో చచ్చి అడుగుకు చేరుతున్నాయి. వాటికి మేతగా పెంచే నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ నాచు సీసాలు కూడా చూస్తుండగానే పచ్చదనం పోయి తేటపడుతున్నాయి. వేసవిలో ఆ గది 33 డిగ్రీలు దాటుతుంది. ఈ వేడిలో ఏవి నిలబడతాయి? కల్చర్లకు (ఇలా జాడీల్లో పెంచే జీవులకు) చెన్నై దగ్గరి కోవళం వైపు నుంచి తెచ్చిన సముద్రపు నీరు వాడవచ్చా? ట్యాంకులో ఇప్పటికే నైట్రేట్ 15, ఫాస్ఫేట్ 0.12 ఉన్నాయి కనుక, మేత పెంచితే అవి ఇంకా పెరుగుతాయేమోనన్న భయమూ ఉంది. అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

వేళచ్చేరి_ఫైటో:

నీలితొట్టి గారూ, అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఏమిటంటే, మీ రోటిఫర్లు ఎంత బాగా పెరిగినా వాటితో మాండరిన్ ఆకలి తీరదు. పెద్ద రకమైన బ్రాకియోనస్ ప్లికాటిలిస్ సైతం సాధారణంగా మిల్లీమీటరులో మూడో వంతు దాటదు, పైగా అది నీటిలో తేలుతూ తిరుగుతుంది. అది అప్పుడే పొదిగిన చేపపిల్లల మేత. మన చెన్నైలోని సీబా సంస్థ (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకంపై పరిశోధించే కేంద్రం) 1997లో హ్యాచరీలో పండుగప్ప పిల్లలను తీసింది. అలాంటి హ్యాచరీల్లో పిల్లలకు మొదట రోటిఫర్లు, కాస్త ఎదిగాక ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల వంటి జీవి) పిల్లలు వేయడం మామూలు పద్ధతి. మాండరిన్ రాతిని అంటిపెట్టుకుని పాకే జీవులను ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది కనుక దానికి కావలసినవి కోపీపాడ్లు, అంటే పాడ్లు అని పిలిచే అతి చిన్న పీతజాతి జీవులు.

వాటిలో టిస్బే రకం రాళ్ల సందుల్లోనూ ఇసుకపైనా పాకుతూ అక్కడే సంతానం పెంచుకుంటుంది కాబట్టి ట్యాంకులో స్థిరపడే అవకాశం దానికే ఎక్కువ. టిగ్రియోపస్ పెద్దది, ఎర్రగా కంటికి ఇంపుగా ఉంటుంది కానీ నీటిలోకి ఎగిరి ఈదుతుంది. పోసిన కొద్దిసేపటికే ర్యాస్ దాన్ని కాజేస్తుంది. మీ గది వేడికి నేను సూచించేది ఎపోసైక్లాప్స్ పానమెన్సిస్. అది ఉష్ణమండల జీవి, వేడినీ ఉప్పదనంలోని హెచ్చుతగ్గులనూ బాగా ఓర్చుకుంటుంది. జాడీల్లో దీన్ని నిల్వగా పెంచుతూ, ట్యాంకులో టిస్బేను స్థిరపరచండి.

ఇక కల్చర్లు ఎందుకు పోతున్నాయంటే, ఎక్కువ సందర్భాల్లో కారణం అమ్మోనియా. తినకుండా మిగిలిన ఫైటో (మేతగా వేసే సూక్ష్మ నాచు) కుళ్లి అమ్మోనియా పుడుతుంది, వేడీ పీహెచ్చూ పెరిగేకొద్దీ అందులో విషపూరితమైన భాగం కూడా పెరుగుతుంది. అందుచేత రోటిఫర్లను చిక్కగా అయ్యేదాకా దాచిపెట్టకూడదు. రోజూ నాలుగో వంతు తీసి, అంతే కొత్త ఉప్పునీరు పోయాలి. జాడీ వెనక టార్చి పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్నవి సన్నని ధూళిలా ఎడతెగకుండా తిరుగుతుంటాయి. ఒక చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఆడవాటి తోక దగ్గర గుడ్లు అంటుకుని కనిపిస్తాయి. గుడ్లు మోసేవి తగ్గిపోయి, ఈత మందగించి, పైన జిగురు నురగ కట్టిందంటే మర్నాటికి ఆ కల్చర్ ఉండదని అర్థం. అప్పుడు 53 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, కొత్త నీటిలోకి మార్చేయాలి. ఎప్పుడూ రెండో జాడీని వేరే గదిలో ఉంచుకోండి.

ఫైటో తేటపడడానికి నాకు కనిపిస్తున్న కారణం వేరే: రోటిఫర్లు ఆ సీసాల్లోకి చేరి ఉంటాయి. రెండూ ఒకే అరలో ఉంటే ఎయిర్ పంపు బుడగలు చిట్లి ఎగిరే తుంపరే చాలు. ఫైటోకు గొట్టాలు, గరాటులు, చేతిగుడ్డ అన్నీ వేరుగా ఉండాలి. రోజూ పని ఫైటోతోనే మొదలుపెట్టి, ఆ తర్వాతే రోటిఫర్ల దగ్గరకు వెళ్లాలి. ఎరువుగా ఎఫ్/2 అనే పోషక ద్రావణం సరిపోతుంది.

ఈలోగా చేపను బతికించుకోవడానికి ఆర్టీమియా పొదగండి. 28 డిగ్రీల దగ్గర, బలంగా గాలి పెడితే దాదాపు ఒక రోజులో పొదుగుతాయి కాబట్టి మన ఊళ్లో హీటరు కూడా అక్కర్లేదు. గాలి ఆపి అడుగున దీపం పెడితే పిల్లలు వెలుగు వైపు దిగుతాయి, పెంకులు పైకి తేలుతాయి. పొదిగిన కొద్ది గంటల్లోనే వేయాలి, ఎందుకంటే సొన కరిగేకొద్దీ వాటిలో బలం తగ్గిపోతుంది. మాండరిన్ నెమ్మదిగా తింటుంది కనుక, అది మాత్రమే దూరగలిగేంత మూతి ఉన్న చిన్న గాజు సీసాను ఇసుకపై పడుకోబెట్టి, పిల్లలను అందులోకి గొట్టంతో వదలండి.

కడలిగట్టు:

సముద్రపు నీటి గురించి మాత్రం నేను చెబుతాను. కూవం, అడయారు నదుల ముఖద్వారాలకు దగ్గరగా పట్టిన నీరు ఏ కాలంలోనూ పనికిరాదు. కోవళం వైపు నీరు మేలే అయినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు తీరంలో ఉప్పదనం పడిపోతుంది, మురుగు కూడా కలుస్తుంది. ఎండాకాలంలో తెచ్చినా సన్నని వడపోత పెట్టి, బ్లీచింగ్ చేసి, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పూర్తిగా తీసేశాకే కల్చర్లకు వాడాలి, లేకపోతే సముద్రంలోని సిలియేట్లు (కల్చర్లను పాడుచేసే ఏకకణ జీవులు) వెంట వస్తాయి. ఆర్‌ఓ డీఐ నీటిలో (లవణాలన్నీ తీసేసిన శుద్ధమైన నీటిలో) ఉప్పు కలుపుకోవడమే నా దృష్టిలో నిశ్చింత.

మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. నీటికి వెళ్లినప్పుడు ఒడ్డున పగడపు రాళ్లు దొరికితే లైవ్ రాక్‌గా (ట్యాంకులో జీవులకు ఆవాసమయ్యే రాయిగా) పనికొస్తాయని తెచ్చుకునేవారు ఉన్నారు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. బతికినవైనా చచ్చినవైనా వాటిని ముట్టకూడదు. మన అభిరుచి కోసం మన సముద్రానికే నష్టం చేయడం న్యాయం కాదు.

పాతరాయి_అడయారు:

పై ఇద్దరూ కల్చర్ల సంగతి చెప్పారు కనుక నేను ట్యాంకు వైపు నుంచి చెబుతాను. ఇన్నేళ్లు నిండుగా ఉన్న చేప గత ఏడాది నుంచి చిక్కిందంటే నా అనుమానం ర్యాస్ మీదే. అది అదే మేతను మాండరిన్ కంటే ఎన్నో రెట్లు వేగంగా తింటుంది. దాన్ని వేరే ట్యాంకుకు పంపకుండా ఎన్ని పాడ్లు పోసినా, అవి దానికే చేరతాయి.

ఫాస్ఫేట్ విషయంలో తొందర వద్దు. పాత రాళ్లూ ఇసుకా ఆరగొనైట్ అనే సున్నపు ఖనిజంతో ఏర్పడినవి. ఏళ్ల తరబడి ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీద పట్టి ఉంచి, నీటిలో తగ్గగానే మళ్లీ వదులుతాయి. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వేసి ఒక్కసారిగా దించితే పగడాలు దెబ్బతింటాయి, ఆపగానే అంకె మళ్లీ పైకి వస్తుంది. కొద్దికొద్దిగా, నెలల మీద దించాలి. రాళ్లను తీసి కడిగే ఆలోచన పెట్టుకోకండి, మీకు కావలసిన జీవరాశి ఉన్నది వాటిలోనే. సంప్‌లో (ట్యాంకు నీరు తిరిగే పక్క తొట్టిలో) ఒక అర ఖాళీ చేసి కీటోమార్ఫా నాచు వేసి, ట్యాంకు దీపాలు ఆరిన తర్వాత దానికి దీపం వెలిగేలా పెట్టండి. నాచు నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ పీల్చుకుంటుంది, రాత్రిపూట పీహెచ్ మరీ పడిపోకుండా చూస్తుంది, చేపలు చేరలేని ఆ చోట పాడ్లు పెరిగి నీటితో పాటు ట్యాంకులోకి వస్తుంటాయి. ఫిల్టర్ సాక్ (నీరు వడకట్టే గుడ్డ సంచి) వాడుతుంటే తీసేయండి, పాడ్లు అందులో చిక్కుకుంటాయి. కల్చర్ నీటిని ఎన్నడూ ట్యాంకులో పోయకండి. జల్లెడ పట్టి, శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, జీవులను మాత్రమే వేస్తే మీరు భయపడుతున్న పోషకాలలో చాలా భాగం బయటే ఉండిపోతుంది.

పెరంబూరు_నీలితొట్టి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ర్యాస్‌ను ఈ వారమే స్నేహితుడి ట్యాంకుకు మార్చి, ఆర్టీమియా మొదలుపెడతాను. టిస్బేను సంప్‌లో వేయాలా, నేరుగా ట్యాంకులోనా? పగలా, రాత్రా?

వేళచ్చేరి_ఫైటో:

రెండు చోట్లా వేయండి, కానీ ఎక్కువ భాగం నాచులోకి. ట్యాంకులో వేసేది దీపాలు ఆరిన గంట తర్వాత, పంపులూ స్కిమ్మరూ (నురగతో మలినాలు తీసే పరికరం) ఆపి, గొట్టంతో రాళ్ల మొదట్లో వదలండి. అరగంట తర్వాత పంపులు వేయండి, స్కిమ్మర్‌ను తెల్లవారే దాకా ఆపి ఉంచండి. చేప పొట్ట నిండే వరకు ఆర్టీమియా మాత్రం రోజుకు కనీసం రెండు పూటలా తప్పనిసరి.