బటన్ నొక్కితే తెరుచుకునే మడత కత్తికి కమాన్ పట్టీ మేలా, తీగ స్ప్రింగ్ మేలా?

పనసపిడి, బొబ్బిలి:
చేత్తో ఒక ఆటోమేటిక్ మడత కత్తి చేస్తున్నాను. బ్లేడు 3 అంగుళాల లోపే, పిడికి వీణల పనిలో మిగిలిన పనస చెక్క. తేలనిది స్ప్రింగ్ సంగతే. ఇటలీ పాతకాలపు కత్తుల్లోలా పిడి వెన్నులో పొడవాటి పట్టీ పెట్టాలా, లేక ఇప్పటి అమెరికన్ బటన్ కత్తుల్లోలా ఇరుసు దగ్గర తీగ చుట్ట పెట్టాలా? నా ఓటు పట్టీకే. లారీ కమాన్ పట్టీ ముక్క ఎక్కడైనా దొరుకుతుంది, కొలిమి ఉంది. ఎప్పుడైనా విరిగితే మన ఊరి కమ్మరే ఇంకోటి చేసిస్తాడు. చేతిపని కత్తికి ఆ గుణం ఉండాలి.

లేత్ షెడ్, రాజాం:
తమ్ముడూ, పట్టీ ఎంత వంగాలో లెక్క కట్టావా? 1 మిల్లీమీటరు మందం, 40 పొడవు పట్టీని ఒక చివర బిగించి రెండో చివర 6 మిల్లీమీటర్లు వంచితే బిగించిన చోట స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) 1125 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది. బాగా పాయనం పెట్టిన (కాల్చి ముంచి గట్టిపరిచిన) స్ప్రింగ్ స్టీలుకు కూడా అది దాదాపు అంచు. కత్తి మూసి జేబులో ఉన్నంతసేపూ పట్టీ వంగే ఉంటుంది మరి! తీగ చుట్టలో ఆ వంపు మొత్తం తీగ పొడవునా పంచుకుపోతుంది. బలం సరిపోకపోతే తీగ 1.0 నుంచి 1.1కి మార్చు, చాలు. మెలి బలం తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

పనసపిడి, బొబ్బిలి:
అన్నా, 40 దగ్గరే ఎందుకు ఆగాలి? పిడిలో 50కి చోటుంది. స్ట్రెస్ పొడవు వర్గంతో తగ్గుతుంది కదా, అదే వంపుకు 720కి దిగుతుంది.

లేత్ షెడ్, రాజాం:
దిగుతుంది. కానీ తోసే బలం పొడవు ఘనంతో తగ్గుతుంది, అంటే దాదాపు సగమైపోతుంది. బ్లేడు సగం తెరుచుకుని ఆగిపోతే ఆటోమేటిక్ అని ఎలా అంటాం?

పనసపిడి, బొబ్బిలి:
అందుకే వెడల్పు పెంచుతాను. వెడల్పు పెంచితే బలం పెరుగుతుంది, స్ట్రెస్ పెరగదు. 3 నుంచి 4.5కి వెళితే పోయిన బలంలో దాదాపు సగం తిరిగొస్తుంది. పిడి కాస్త మందమవుతుంది, అంతే.

సముద్రపు గాలి, కళింగపట్నం:
పిడి మందం కంటే తుప్పు గురించి ఆలోచించండి. మా వైపు ఉప్పు గాలికి కార్బన్ స్టీలు నిలవదు. తుప్పు తిన్న చిన్న గుంటే చాలు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. తీగ స్ప్రింగ్ అయితే లోపల మూలన ఉంటుంది, కత్తి మొత్తం విప్పితే గాని కనబడదు. పట్టీని తుడిచి నూనె రాయడం తేలిక. స్టెయిన్‌లెస్ తీగ వాడితే మాత్రం నా వాదన మారుతుంది.

మేష్టారు, విజయనగరం:
ఇద్దరూ ముఖ్యమైనదొకటి వదిలేశారు. ఏ స్ప్రింగ్‌కు తగ్గ పని తీరు దానికి ఉంటుంది. పట్టీని అయస్కాంతం పట్టుకోనంత వేడి దాటించి ఇంకాస్త ఎక్కించి నూనెలో ముంచాలి. అప్పుడది గాజులా పెళుసు. తర్వాత తుడిచి మెరిపించి, మళ్లీ మెల్లగా వేడి చేస్తూ ముదురు నీలం వచ్చాక కూడా ఇంకాస్త వేడెక్కనివ్వాలి. అంతకు ముందే వచ్చే గడ్డి రంగు (లేత పసుపు) దగ్గర ఆపితే బ్లేడుకు పనికొస్తుంది గాని, స్ప్రింగ్‌గా విరుగుతుంది. తీగ స్ప్రింగులకు వాడే మ్యూజిక్ వైర్‌కు (గట్టి స్టీలు తీగకు) మాత్రం ఈ కొలిమి పని వద్దు. దాని బలం చల్లగా సాగదీయడంలో వచ్చింది, ఎర్రగా కాలిస్తే పోతుంది. చుట్టేటప్పుడు బరువు పడితే చుట్ట బిగుసుకునే వైపే చుట్టాలి. అప్పుడు లోపలి వ్యాసం తగ్గుతుంది, కాబట్టి మధ్యలోని ఇరుసుకు ఆ ఖాళీ వదలాలి. చాలామంది దీన్నే మర్చిపోతారు.

ఇంకొకటి, చట్టం కూడా చూసుకోండి. ఆయుధాల చట్టం 1959 సంగతి అటుంచి, ఢిల్లీలో బటన్ కత్తుల మీద విడిగా నోటిఫికేషన్ ఉంది. ఊరు దాటి పట్టుకెళ్లే ముందు అక్కడి రూలేమిటో కనుక్కోవడం మంచిది.

లేత్ షెడ్, రాజాం:
మేష్టారూ, ఆ ఖాళీ సంగతి నిజం. తమ్ముడూ, ఒక్క మాట మాత్రం విను. బలం ఎక్కువైతే బ్లేడు ఆపే పిన్నును ప్రతిసారీ సుత్తిలా కొడుతుంది, కొన్నాళ్లకు కత్తి ఆడుతుంది. బటన్ పట్టుకునే గాడి లోతు తక్కువైతే జేబులోనే తెరుచుకుంటుంది. ఆ గాడి అంచు గుండ్రంగా మిగలకూడదు. నువ్వు పట్టీయే పెట్టుకో, గాడి మాత్రం లేత్ మీదో మిల్లింగ్ మీదో తీయించు. ఆకురాయితో వద్దు.

పనసపిడి, బొబ్బిలి:
గాడి మిల్లింగ్‌లోనే తీయిస్తానన్నా. పట్టీ 50 పొడవు, 1 మందం, 4.5 వెడల్పు. వెనక చివర ఇత్తడి లైనర్‌కు (పిడి లోపలి రేకుకు) రెండు రివెట్లతో బిగిస్తాను. పాయనం పెట్టాక పూర్తి వంపులో వైసులో బిగించి రాత్రంతా ఉంచుతాను. వదిలాక పాత ఆకారానికి రాకపోతే ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి చేస్తాను.

లేత్ షెడ్, రాజాం:
ఆ పరీక్ష సరే. నా అభిప్రాయం మాత్రం మారలేదు, 3 అంగుళాల కత్తికి తీగ చుట్టే సరైనది. అదే పరీక్షకు నా తీగ స్ప్రింగ్ కూడా పెడతాను. రెండింటి ఫొటోలూ ఇక్కడే పెడదాం.