ఆమిబ్రోకర్ తెలుగు గైడు: వెనక పేజీల్లో రెడీమేడ్ ఫార్ములాలు పెట్టాలా, వద్దా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఆమిబ్రోకర్ అంటే షేర్ల చార్టులు గీసి, కొనే అమ్మే షరతులను పరీక్షించుకునే సాఫ్ట్‌వేర్. అది కొత్తగా కొన్నవాళ్ల కోసం తెలుగులో చిన్న గైడు రాస్తున్నాను. అరవై పేజీలయింది. అమ్మడానికి కాదు. కర్నూలు, నంద్యాల, ఆదోనిలో తెలిసినవాళ్లు ఓ పాతిక మంది ఉన్నారు. "ఇన్‌స్టాల్ చేశాం, ఇప్పుడేం చెయ్యాల?" అని రాత్రి పదింటికి ఫోన్లు చేస్తుంటారు. ఆ ఫోన్లు తగ్గితే చాలు.

మొదటి మూడు అధ్యాయాల్లో పేచీ లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌తో పాటు మన షేర్ల ధరలు రావు, డేటా వేరేగా తెచ్చుకోవాలి అన్నది మొదటిది. ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ) రోజూ ఇచ్చే భావ్‌కాపీని, అంటే ఆ రోజు ధరల ఫైలును ఎక్కించుకోవడం రెండోది. చార్టు మూడోది. నాలుగులో ఏఎఫ్ఎల్, అంటే మన షరతులు రాసుకునే భాష.

గొడవంతా అయిదో దాని దగ్గర. మా తమ్ముడు "పది రెడీమేడ్ ఫార్ములాలు ఇవ్వన్నా, లేకుంటే ఎవురూ చదవరు" అంటాడు. నాకు చేతులు రావడం లేదు. కొత్తవాడి చేతికి బై, సెల్ బాణాలు ఇస్తే మొదటి నాలుగు అధ్యాయాలు తెరవడు కదా? మీరేమంటారు?

తాడిపత్రి కుర్రోడు

పెట్టాల్సిందే అన్నా. నేను ఏఎఫ్ఎల్ నేర్చుకున్నదే ఎవరో రాసిన నలభై లైన్లు తెరిచి. ఒక్కో అంకె మార్చడం, ఏమవుతుందో చూడడం. "బై = క్రాస్(క్లోజ్, ఎంఏ(క్లోజ్, 20))" అని ఉండింది (ధర 20 రోజుల సగటును, అంటే మూవింగ్ యావరేజ్‌ను, దాటి పైకి పోతే కొను అని; టైపు మాత్రం ఇంగ్లీషులోనే చెయ్యాలి, ఇక్కడ చదవడానికి రాశా). 20 తీసి 50 పెట్టా. బాణాలు బాగా తగ్గిపోయాయి, వచ్చినవి కూడా ఆలస్యంగా వచ్చాయి. మూవింగ్ యావరేజ్ అంటే ఏందో నాకు ఆ సాయంత్రం తెలిసింది. అంతకుముందు యూట్యూబ్‌లో నాలుగు గంటలు చూసినా ఎక్కలేదు. ఫార్ములా లేని గైడు, ఊరికే మెనూల పట్టిక.

పొద్దుటూరు తరుగు

కుర్రోడా, నీకు దొరికింది మంచి ఫార్ములా. నాకు దొరికిన దాని సంగతి విను.

రెండేళ్ల కిందట ఒక టెలిగ్రామ్ గ్రూపులో పదిహేను వేలు పోసి ఒక ఏఎఫ్ఎల్ కొన్నా. చార్టు మీద వేస్తే ప్రతి పల్లం కింద పచ్చ బాణం, ప్రతి శిఖరం మీద ఎర్ర బాణం. బ్యాక్‌టెస్ట్ చేస్తే, అంటే పాత ధరల మీద నడిపి చూస్తే, పదికి తొమ్మిది ట్రేడ్లు లాభం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో. రెండు నెలలు డబ్బు పోగొట్టుకున్నాక లోపలికి తొంగి చూస్తే అందులో ఉన్నది 'జిగ్' అనే ఒక్క ఫంక్షన్, 5 శాతం మీద.

తెలియనివాళ్ల కోసం లెక్క చెబుతా. షేరు 500కి పడి లేచిందనుకోండి. అది పల్లం అని జిగ్‌కు తెలియాలంటే ధర అక్కణ్నుంచి 5 శాతం లేవాలి, అంటే 525 కావాలి. అప్పుడు వెనక్కి వెళ్లి 500 దగ్గర బాణం గీస్తుంది. బ్యాక్‌టెస్ట్ మాత్రం 500కే కొన్నట్టు రాసుకుంటుంది. అమ్మేటప్పుడూ ఇదే కథ. ధర 550 దాకా పోయి దిగితే, అది శిఖరమని తెలిసేది 522.50కి పడ్డాక. కాగితం మీద 500కి కొని 550కి అమ్మితే 50 లాభం. నా చేతిలో 525కి కొని 522.50కి అమ్మితే రెండున్నర నష్టం, ఖర్చులు అదనం. బంగారం అంగట్లో తరుగు, మజూరీ చెప్పకుండా నగ ధర చెప్పినట్టు. కాదులే, మా అంగళ్లవాళ్లు కనీసం బిల్లులో చూపిస్తారు.

కాబట్టి నా ఓటు వద్దు అనే. ఒక్కటి కూడా వద్దు.

ఆదోని జిన్నింగ్

తరుగన్నకు జరిగింది అన్యాయమే. కానీ తప్పు రెడీమేడ్ ఫార్ములాది కాదు, ఆ ఒక్క ఫంక్షన్‌ది. ఆమిబ్రోకర్ వాళ్ల సొంత మాన్యువల్‌లోనే జిగ్, పీక్, ట్రఫ్ మూడూ రాబోయే ధరలు చూస్తాయని హెచ్చరిక ఉంది. ఏఎఫ్ఎల్ ఎడిటర్‌లో 'కోడ్ చెక్ అండ్ ప్రొఫైల్' నొక్కితే ఫార్ములా ముందుకు తొంగి చూస్తోందేమో చెబుతుంది. గైడులో ఒక పేజీ దీనికి కేటాయిస్తే సరిపోతుంది.

నన్ను అడిగితే అంతకన్నా పెద్ద గొయ్యి రెండో అధ్యాయంలో ఉంది. మన బురుజన్న పేచీ లేదన్నాడే, ఆ భావ్‌కాపీ. 2024 అక్టోబరు 28 రిలయన్స్ చార్టు తీయండి. శుక్రవారం 2,600 పైన ముగిసిన షేరు సోమవారం 1,300 చిల్లరకు వచ్చింది. మార్కెట్ కూలలేదు, ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, షేర్లు రెట్టింపై ధర సగమైంది. పచ్చి భావ్‌కాపీ ఎక్కించుకున్నవాడి డేటాబేస్‌కు ఆ ముక్క తెలియదు. షార్ట్ (ముందు అమ్మి, పడ్డాక కొనే) ఫార్ములా నడిపితే ఒక్క రోజులో సగానికి సగం లాభం చూపిస్తుంది. మా మిల్లు అకౌంటెంటు కుర్రాడు అది చూసి కుర్చీలోంచి లేచాడు. 'సింబల్' మెనూలో 'స్ప్లిట్' ఉంటుంది, పాత ధరలను అక్కడ సరిచేసుకోవాలి. ఈ ముక్క మీ రెండో అధ్యాయంలో ఉందా అన్నా?

యార్డులో పత్తి కొన్నాక దలాలీ, హమాలీ, తరుగు తియ్యకుండా లాభం లెక్క చెప్పే గుమాస్తాను ఎవడూ పనిలో ఉంచుకోడు. బ్యాక్‌టెస్ట్‌లో మాత్రం అందరం ఆ గుమాస్తాలమే. 2024 అక్టోబరు 1 నుంచి ఫ్యూచర్స్ (ముందు తేదీకి చేసుకునే ఒప్పందాలు) అమ్మకం మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.0125 నుంచి 0.02 శాతానికి పెరిగింది. ఆ తేదీకి ముందు పుట్టిన ఫార్ములాల రిపోర్టులు ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతున్నాయి, పాత ఖర్చులతోనే.

గుంతకల్ జంక్షన్

మీరంతా అయిదో అధ్యాయం దగ్గర కొట్టుకుంటున్నారు. నా ప్రశ్న అసలు గైడు ఎందుకని.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క చూశారా? 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు పైనే. తలా రెండు లక్షలు. తెలుగులో తేలిగ్గా అర్థమయ్యేలా చెబితే ఈ లెక్కలోకి ఇంకో పాతిక మందిని పంపినట్టు. ఇంగ్లీషు మాన్యువల్ కష్టంగా ఉండడమే కొందరిని కాపాడుతోంది.

తాడిపత్రి కుర్రోడు

జంక్షన్ సార్, అదే రిపోర్టులో ఇంకో ముక్క కూడా చెప్పండి. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో ప్రొప్రైటరీ ట్రేడర్లు (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు) తీసుకున్న లాభంలో 96 శాతం, విదేశీ సంస్థల లాభంలో 97 శాతం ఆల్గోలతో, అంటే కంప్యూటరే ఆర్డర్లు పెట్టే ప్రోగ్రాములతో వచ్చిందే. అవతలోడు యంత్రంతో వస్తుంటే మనోళ్లు చేత్తో కొట్టుకోవాలా?

గుంతకల్ జంక్షన్

ఆ యంత్రమూ ఇదీ ఒకటేనా తమ్ముడూ? వాళ్ల సర్వర్లు ఎక్స్ఛేంజీ పక్క గదిలో ఉంటాయి. మనది గుంతకల్లులో కరెంటు పోతే ఆగిపోయే లాప్‌టాప్.

కడప టీచరమ్మ

జంక్షన్ గారూ, తెలుగులో లేకపోవడం ఎవరినీ కాపాడలేదు. తరుగన్న గారి చేత పదిహేను వేలు కట్టించింది అదే కదా.

నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. షేర్ల సంగతి మా వారి వల్ల అబ్బింది. నాదొక మాట. బోర్డు మీద సరైన లెక్క చేస్తే పిల్లలు ఎక్కించుకుంటారు, అంతే. అప్పుడప్పుడు కావాలనే ఒక మెట్టు తప్పు చేసి "ఎక్కడుందో పట్టుకోండిరా" అంటాను. వెనక బెంచీ వాడు కూడా లేచి నిలబడతాడు.

మీ గైడులో ఫార్ములాలు పెట్టండి. మొదటిది మాత్రం ఆ పదిహేను వేల ఫార్ములా లాంటిదే కావాలి. అది చెడ్డదని ముందే చెప్పకండి. బ్యాక్‌టెస్ట్ చేయించండి, లాభం చూసి మురవనివ్వండి. తర్వాత పేజీలో 'టూల్స్' మెనూలో ఉండే 'బార్ రీప్లే' తెరిపించండి. పాత ధరలు ఒక్కో రోజూ కొత్తగా వస్తున్నట్టు కదులుతాయి. బాణం రోజుకో చోటికి జరగడం వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. మీరు నాలుగు పేజీల హెచ్చరిక రాసినా ఆ పని చెయ్యదు.

ఇంకో చిన్న సంగతి. మెనూ పేర్లను తెలుగులోకి మార్చకండి, తెర మీద ఉన్న పేరే తెలుగు లిపిలో రాయండి. 'పట్టీ పునఃప్రదర్శన' అని రాస్తే దాన్ని వెతుక్కోవడానికి మళ్లీ మీకే ఫోన్ చేస్తారు. అయితే పదాల పట్టికలో 'బార్' అంటే చార్టులో ఒక రోజు ధరల గీత అని మాత్రం రాయండి. మన జిల్లాల్లో ఆ మాటకు వేరే అర్థం బాగా స్థిరపడిపోయింది.

పొద్దుటూరు తరుగు

అమ్మా, మీరు చెప్పింది బాగుంది కానీ నాకొక భయం. మురిసినవాడు తర్వాత పేజీ తిప్పకపోతే? నేను తిప్పలేదు. రెండు నెలలు.

ఆదోని జిన్నింగ్

అదీ నిజమే. అయితే ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా రావాలి, ఎడమ పక్క బ్యాక్‌టెస్ట్, కుడి పక్క రీప్లే. పేజీ తిప్పే పనే ఉండదు. ఫోన్లో పీడీఎఫ్ చదివేవాడికి ఇది పనికిరాదనుకోండి.

తెర బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. చదువు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు చూపిస్తూ షేర్ల పేర్లతో మాట్లాడకూడదని 2025 జనవరిలో సెబీ వివరణ ఇచ్చింది. అది ముఖ్యంగా బ్రోకర్లతో సంబంధం ఉన్నవాళ్ల కోసం వచ్చింది. ఉచితంగా పంచే మీకు వర్తించినా వర్తించకపోయినా పాత చార్టులే వాడండి. ఎట్లాగూ రిలయన్స్ బోనస్ పాతదే. ఇంకో పాతది యెస్ బ్యాంక్. 2018 ఆగస్టులో 400కు దగ్గరగా ఉన్నది, 2020 మార్చిలో ఒక రోజు పది రూపాయల లోపలికి పోయింది, ఆ నెలలోనే నిఫ్టీ 50 నుంచి బయటికెళ్లింది. ఇప్పటి నిఫ్టీ జాబితా పట్టుకుని పదేళ్ల బ్యాక్‌టెస్ట్ చేసేవాడికి అదసలు కనపడదు. బతికి బట్టకట్టిన వాటినే పరీక్షిస్తాడు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

నిన్న రాత్రి కూర్చుని టీచరమ్మ గారు చెప్పినట్టు చేశాను. జిగ్ ఫార్ములా రాసి, బ్యాక్‌టెస్ట్ చేసి, మా తమ్ముణ్ని పిలిచి చూపించా. "ఇదే, ఇదే పెట్టన్నా" అని ఎగిరాడు. తర్వాత బార్ రీప్లే వేశా. పచ్చ బాణం ఒక చోట పడింది, రెండు రోజులకు మాయమై ఇంకా కిందికి పోయింది, మళ్లీ మాయమైంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వేదో సెట్టింగు మార్చినావు" అన్నాడు చివరికి. మౌస్ వాడి చేతికే ఇచ్చా. మూడుసార్లు నడుపుకున్నాడు.

కాబట్టి అయిదో అధ్యాయం ఆ ఫార్ములాతోనే మొదలవుతుంది. రీప్లే ఎదురు పేజీలోనే ఉంటుంది. ఫోన్లో చదివేవాళ్ల కోసం రెండూ ఒకే పేజీలో ఇరికించి చూస్తా. తర్వాత కుర్రోడు చెప్పిన 20 రోజుల క్రాస్ ఒక్కటే, ఖర్చులు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి. పది మాత్రం ఇవ్వను. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, ఆరుకు దిగాడు.

ఆదోనన్నా, స్ప్లిట్ ముక్క నా రెండో అధ్యాయంలో లేదు. సిగ్గుగా ఉంది. నా డేటాబేస్‌లోనే రెండు షేర్లు సరిచేయకుండా ఉన్నాయని ఇప్పుడు చూసుకున్నా.

తాడిపత్రి కుర్రోడు

రెండే ఫార్ములాలా? గైడు కాదన్నా అది, పరీక్ష పేపరు. నేనైతే ఇంకా పెట్టాలనే అంటా.

గుంతకల్ జంక్షన్

నా మాట మారలేదు. ఇది రాయకుండా ఉంటేనే మేలు. కానీ రాసినాక పీడీఎఫ్ నాక్కూడా ఒకటి పంపించు. మా బావమరిది మొన్న లైసెన్సు కొన్నాడంట, మాకెవరికీ చెప్పకుండా.