కప్లర్ సపోర్ట్ ఒక పక్కకి వాలిపోతోంది, ఎలా ఆపాలి?

బ్రాడ్‌గేజ్ కోచ్‌లో సెంటర్ బఫర్ కప్లర్ (రెండు కోచ్‌లని కలిపే కొక్కెం) షాంక్ (దాని కాడ) కింద ఉండే స్ప్రింగ్ సపోర్ట్‌ని ప్రాజెక్ట్ కోసం డిజైన్ చేస్తున్నాను, నెల రోజులుగా ఒక్క చోటే ఇరుక్కుపోయాను. సపోర్ట్ మీద పడే బరువు 2.4 కిలోన్యూటన్లు. కింద 300 మి.మీ. ఎడంగా రెండు కాయిల్ స్ప్రింగులు, ఒక్కోటి మి.మీ.కి 60 న్యూటన్లు. మొదట్లో 20 మి.మీ. దిగింది. కప్లర్ ఎత్తు పట్టాల నుంచి 1105 మి.మీ. మించకూడదు, 1030కి తగ్గకూడదు కాబట్టి ఊరికే అంత పోగొట్టుకోలేను.

స్ప్రింగులు 200వి వేస్తే 6 మి.మీ.కి వచ్చింది గానీ, పక్క కోచ్ 40 మి.మీ. కిందకుంటే అదనంగా 16 కిలోన్యూటన్లు పడి, బ్రాకెట్ వెల్డ్ దగ్గర స్ట్రెస్ 250 మెగాపాస్కల్స్ దాటేసింది. మళ్లీ 60కే వచ్చి, 20 మి.మీ. ముందే నొక్కిపెట్టి పైన స్టాపర్ ఇచ్చాను. షాంక్ మధ్యలో ఉన్నంతసేపు బ్రహ్మాండం. కర్వ్‌లో 90 మి.మీ. పక్కకి జరగ్గానే 80 శాతం బరువు ఒకే స్ప్రింగ్ మీద పడి, అటువైపు 12 మి.మీ. కుంగి, ప్లేట్ 2.3 డిగ్రీలు వాలి షాంక్ అంచు వేర్ ప్లేట్‌ని (రాపిడికి అరగడానికే పెట్టే పలక) గీకేస్తోంది (ఇదంతా మోడల్‌లోనే లెండి). స్ప్రింగులు ఇంకా ఎడంగా జరపడానికి చోటు లేదు.

అందుకే రెండు పక్కలా గైడ్ పిన్నులు పెడదామనుకుంటున్నా. లోడ్ 90 మి.మీ. పక్కకి జరిగినా జామ్ అవకుండా కిందికీ పైకీ ఆడాలంటే గైడ్ బుష్ (పిన్ను జారే గొట్టం) పొడవు కనీసం ఎంత ఉంచాలి?